చీలమండ దగ్గర బీపీ చూశారా?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. మావారికి 61 ఏళ్ళు, ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. పన్నెండేళ్ళుగా సుగరు ఉంది, బీపీకీ మాత్ర వేసుకుంటారు. సిగరెట్లు తగ్గించారు గానీ మానలేదు. ఏడాదిగా కాలువ గట్టు మీద నడుస్తుంటే కుడి పిక్క పట్టేస్తోంది. కాసేపు నిలబడితే తగ్గుతుంది, మళ్ళీ నడిస్తే మళ్ళీ పడుతుంది. ఊళ్ళో ఆర్‌ఎంపీ గారు నరాల బలహీనత అని బి12 సూదులు చేశారు. గుణం కనిపించలేదు. మొన్న కల్యాణమండపంలో క్యాంపు పెట్టి, వేలికి క్లిప్పు తగిలించి, "మీ రక్తనాళాల వయసు 78" అని కాగితం చేతిలో పెట్టారు. నూనె, పొడి కొనమన్నారు. డాలస్‌లో ఉంటున్న మా అబ్బాయేమో వేసవిలో మేం అక్కడికి వెళ్ళాక మెడ నుంచి కాళ్ళ దాకా స్కాన్ చేసే ప్యాకేజీ తీసుకుందామంటున్నాడు. కరోనా అప్పుడు కొన్న ఆక్సిజన్ మీటరు కాలి వేలికి పెడితే 97 చూపించింది, ఇంకేం కావాలంటారు మావారు. ఆయనకు యాంజియోగ్రామ్ అంటే భయం. సూదీ కోతా లేకుండా రక్తం సరిగ్గా పారుతోందో లేదో తెలుసుకునే పరీక్షలు ఉన్నాయా? వాటిలో మాకు కావలసింది ఏది?
— ఒక పాఠకురాలు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. క్యాంపు కాగితం సంగతి తర్వాత చెబుతాను. నన్ను ముందు ఆపేసింది "నరాల బలహీనత" అన్న మాట.

మనం నరం అనే ఒక్క మాట మీద చాలా బరువు పెట్టేశాం. మెదడు నుంచి కబురు మోసేదీ నరమే, సూది వెయ్యడానికి నర్సు చేతి మీద తట్టి వెతికేదీ నరమే, పిక్కల మీద నీలంగా మెలికలు తిరిగి ఉబ్బేదీ నరమే, నిద్రలో మెడ పట్టేస్తే లాగేదీ నరమే. ఇవన్నీ వేర్వేరు వస్తువులు. వీటిలో దేనికీ చెందనిది ఇంకొకటుంది, గుండె నుంచి కాలికి మంచి రక్తం తీసుకెళ్ళే గొట్టం, ధమని. దానికి వాడుకలో విడిగా ఒక పేరే లేదు. పేరు లేకపోవడంతో దాని జబ్బు కూడా "నరాలు" ఖాతాలోనే పడిపోతుంది. మా పెదనాన్నకు అలాగే పడింది. రోజుకు నాలుగు చుట్టలు కాల్చే మనిషి, పిక్క నొప్పికి రెండేళ్ళు బలం మందులు వాడాడు. వేలు నల్లబడ్డాక గానీ పాదం మీద నాడి ఉందో లేదో ఎవరూ చెయ్యి పెట్టి చూడలేదు. నేనప్పుడు మెడిసిన్ రెండో సంవత్సరంలో ఉన్నాను. నేనూ చూడలేదు.

మీ ఆర్‌ఎంపీ గారిని తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. సుగరుకు మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే బి12 తగ్గే మాట నిజం, సుగరు వల్ల నరాలు దెబ్బతినడమూ నిజమే. కానీ నరాల జబ్బు కూర్చున్నా పడుకున్నా ఉంటుంది. రెండు అరికాళ్ళూ మండుతాయి, తిమ్మిరెక్కుతాయి, రాత్రిపూట ఎక్కువవుతుంది. మీవారిది నడిస్తేనే వస్తోంది, ఒక కాలికే వస్తోంది, ఆగితే పోతోంది. వెన్నుపూసలో నరాల దారి ఇరుకైనా నడిస్తే కాళ్ళు లాగుతాయి గానీ, వాళ్ళకు ఊరికే నిలబడితే చాలదు, కూర్చోవాలి, లేదా ముందుకు వంగాలి. నిలబడితేనే తగ్గుతోందని మీరు రాసిన ఆ ఒక్క వాక్యం ధమని వైపే వేలు చూపిస్తోంది.

మీది డెల్టా ఊరు కాబట్టి కాలువతోనే చెబుతాను. ఎగువన కాలువ నిండుగా ఉన్నంత మాత్రాన శివారు పొలానికి నీళ్ళందుతున్నాయని అనుకోలేం. మధ్యలో ఎక్కడో పూడిక ఉంటే పైన మట్టం బాగానే కనిపిస్తుంది, చివర తగ్గిపోతుంది. నాట్లు లేని రోజుల్లో ఆ తగ్గిన నీళ్ళే సరిపోతాయి. అందరూ ఒకేసారి మడి కట్టినప్పుడు బయటపడుతుంది కొరత. పిక్కా అంతే. కూర్చున్నప్పుడు దానికి కావలసింది కొంచెమే, నడిచేటప్పుడు ఎన్నో రెట్లు కావాలి, అది రాక పట్టేస్తుంది. పూడిక ఉందో లేదో తెలుసుకోవడానికి కాలువ చూసుకునే లస్కరు చేసే పని ఏమిటి? పైన మట్టం చూస్తాడు, శివారులో మట్టం చూస్తాడు, రెండూ పోలుస్తాడు. మీరు అడిగిన సూదీ కోతా లేని పరీక్ష సరిగ్గా ఇదే. చేతి దగ్గర బీపీ, చీలమండ దగ్గర బీపీ చూసి, రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తారు. దీన్ని ఆంకిల్ బ్రేకియల్ ఇండెక్స్ అంటారు, ఆస్పత్రుల్లో పొట్టిగా ఏబీఐ. కాలి రక్తనాళాల జబ్బున్న వారిలో ఇలా పీడనం పడిపోతుందని విన్సర్ అనే వైద్యుడు 1950లో రాశాడు. అప్పటి నుంచి ఇంత చవకగా, ఇంత నమ్మకంగా మొదటి జవాబు ఇచ్చే పరీక్ష మరొకటి రాలేదనే నా అభిప్రాయం.

ఎలా చేస్తారో చెబుతాను, చెబితే మీవారి భయం సగం పోతుంది. బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి పది నిమిషాలు కదలకుండా ఉండమంటారు. రెండు చేతులకూ, రెండు చీలమండలకూ బీపీ పట్టీ చుడతారు. స్టెతస్కోపుకు బదులు, రక్తం పారే చప్పుడు వినిపించే పెన్ను లాంటి చిన్న డాప్లర్ పరికరాన్ని జెల్లీ రాసి చర్మం మీద ఆనిస్తారు. పట్టీ బిగించినప్పుడు చప్పుడు ఆగిపోతుంది, వదులుతుంటే ఒకచోట మళ్ళీ వినిపిస్తుంది. ఆ అంకె రాసుకుంటారు. పట్టీ బిగించినప్పుడు కాస్త నొక్కినట్టుంటుంది, అంతకు మించి ఏమీ లేదు. పావుగంట, ఇరవై నిమిషాల పని. లుంగీ కట్టుకుని వెళ్ళమనండి, ప్యాంటు మడవలేక అవస్థ పడతారు. పరీక్షకు రెండు గంటల ముందు నుంచి సిగరెట్టు, టీ, కాఫీ వద్దు. పరగడుపున వెళ్ళక్కర్లేదు.

లెక్క ఇలా ఉంటుంది. రెండు చేతుల్లో ఎక్కువ వచ్చిన అంకె 150 అనుకోండి. చీలమండ దగ్గర పాదం మీది ధమనినీ, లోపలివైపు చీలమండ వెనక ధమనినీ చూసి, వాటిలో ఎక్కువది తీసుకుంటారు. కుడికాలు 104 వస్తే 104ను 150తో భాగించాలి, 0.69. ఎడమ 138 వస్తే 0.92. ఒకటి నుంచి 1.40 దాకా మామూలు. 0.91 నుంచి 0.99 దాకా అటూ ఇటూ కాని అంకె. 0.90, అంతకంటే తక్కువైతే కాలి ధమని ఇరుకైనట్టే. 0.40 దగ్గరికి పడిపోతే కాలు ప్రమాదంలో ఉంది.

ఇక్కడ సుగరున్నవాళ్ళ విషయంలో ఒక మెలిక ఉంది. దీన్ని తెలియక వదిలేసిన రిపోర్టులు నేను చాలా చూశాను. ఏళ్ళ తరబడి సుగరున్నా, కిడ్నీ జబ్బున్నా, ధమని గోడల్లో సున్నం పేరుకుని అవి గట్టిపడతాయి. పట్టీ ఎంత బిగించినా నొక్కుకోవు. అప్పుడు చీలమండ దగ్గర 230 అని వస్తుంది, భాగిస్తే 1.53. "పెద్ద అంకె వచ్చింది, రక్తం జోరుగా పారుతోంది" అని సంతోషపడకూడదు. 1.40 దాటిందంటే ఆ అంకెను నమ్మడానికి లేదని అర్థం. కాలి బొటనవేలి ధమనులు ఇలా గట్టిపడటం తక్కువ కాబట్టి అప్పుడు వేలికి చిన్న పట్టీ చుట్టి పీడనం చూస్తారు. దాన్ని చేతి అంకెతో భాగిస్తే 0.70, అంతకంటే తక్కువ వస్తే జబ్బు. మీవారికి పన్నెండేళ్ళ సుగరు కాబట్టి, ఏబీఐ బాగుందన్నా, మరీ ఎక్కువ వచ్చిందన్నా, "బొటనవేలి ప్రెషర్ కూడా చూడగలరా?" అని తప్పకుండా అడగండి. మరో సందర్భంలో కూడా అంకె మోసం చేస్తుంది. నాట్లు లేనప్పుడు శివారులోనూ నీళ్ళుంటాయన్నాను కదా. పడుకున్నప్పుడు 0.95 వచ్చినా నడిస్తే నొప్పి వస్తుంటే, ట్రెడ్‌మిల్ మీద కాసేపు నడిపించి మళ్ళీ కొలుస్తారు. ఇరవై శాతానికి మించి పడిపోతే దొంగ దొరికినట్టే.

ఇంట్లో డిజిటల్ బీపీ మిషనుంటే దాన్ని చీలమండకు చుట్టి లెక్క కట్టవద్దు. ఇరుకైన ధమనిలో అది చూపే అంకెను నమ్మలేం. ఇంట్లో మీరు చెయ్యగలిగింది వేరే ఉంది. ఈ రాత్రి ఆయన్ని మంచం మీద కూర్చోబెట్టి, పాదం పైభాగాన, బొటనవేలికీ పక్క వేలికీ మధ్య గీతను పైకి పొడిగిస్తే వచ్చే చోట మీ మూడు వేళ్ళు తేలిగ్గా ఆనించండి. గట్టిగా నొక్కితే ఉన్న నాడి కూడా పోతుంది. తర్వాత లోపలివైపు చీలమండ ఎముకకు వెనకాల గుంటలో చూడండి. రెండు కాళ్ళూ పోల్చండి. పాదం మీద నాడి కొందరికి పుట్టుకతోనే అందదు, కాబట్టి దొరకలేదని గాభరా పడకండి. కానీ ఎడమ కాలికి రెండు చోట్లా బాగా కొడుతూ, కుడి కాలికి రెండు చోట్లా అందకపోతే డాక్టరుకు ఆ మాట చెప్పండి. మరో పని, గట్టు మీద నడిచేటప్పుడు ఎన్ని కరెంటు స్తంభాలు దాటాక పిక్క పడుతోందో లెక్కపెట్టమనండి. మొన్నటిదాకా ఎనిమిది దాటేవారు, ఇప్పుడు మూడుకే ఆగుతున్నారంటే అది మాకు చాలా పనికొచ్చే సమాచారం.

ఏబీఐ తక్కువ వస్తే తర్వాతిది కాళ్ళకు కలర్ డాప్లర్. ఇదీ సూది లేనిదే, గర్భిణులకు చేసే స్కానింగు లాంటిదే. ఎదురుగా వచ్చే లారీ హారన్ దగ్గరవుతున్నప్పుడు సన్నగా, దాటిపోగానే బొంగురుగా వినిపించడం ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపిన మనిషికి వేరే చెప్పక్కర్లేదు. క్రిస్టియన్ డాప్లర్ 1842లో ప్రాగ్ నగరంలో నక్షత్రాల రంగుల గురించి చెప్పిన సూత్రం అదే. ఇప్పుడు ఆ సూత్రంతోనే రక్తకణాలు ఎంత వేగంగా, ఎటువైపు పోతున్నాయో యంత్రం చెబుతుంది. తెర మీద ఎరుపు, నీలం కనిపిస్తాయి. నీలం చూసి చెడు రక్తమని కంగారుపడేవాళ్ళు ఎందరో. అది పరికరం వైపు వస్తోందా, దూరంగా పోతోందా అని చూపే రంగు మాత్రమే. రిపోర్టులో ట్రైఫేసిక్ అని ఉంటే ప్రవాహం ఆరోగ్యంగా ఉన్నట్టు. రక్తం ఒక్కసారి ముందుకు దూకి, కాస్త వెనక్కి తగ్గి, మళ్ళీ ముందుకు పోతుంది. మోనోఫేసిక్ అంటే ఆ పొంగు చచ్చిపోయి, పైన ఎక్కడో అడ్డం ఉండటం వల్ల నీరసంగా జారుతున్నట్టు.

స్కానింగుకు వెళ్ళేముందు చీటీ మీద ఏం రాశారో చదివించుకోండి. ఆర్టీరియల్ డాప్లర్ అని ఉండాలి. ఒట్టి "కాళ్ళ డాప్లర్" అని ఉంటే కొన్నిచోట్ల సిరలు, అంటే చెడు రక్తాన్ని గుండెకు తిరిగి తీసుకెళ్ళే గొట్టాలు, చూసి పంపేస్తారు. సిరల డాప్లర్ వేరికోస్ ఉబ్బులకు, లేదా ఒక కాలు ఉన్నట్టుండి వాచి లోపల గడ్డకట్టిందేమోనని అనుమానం వచ్చినప్పుడు చేసేది. మీవారి ప్రశ్నకు అది జవాబు చెప్పదు. ఖర్చు విషయానికొస్తే, ఏబీఐ సాధారణంగా వందల్లో అయిపోతుంది, డాప్లర్ వేలల్లోకి వెళుతుంది. ఆ వరస పెట్టింది అందుకు కూడా. భీమవరంలో సుగరు డాక్టర్ల దగ్గర అడిగి చూడండి. పాదాల పరీక్ష చేసే చోట్ల ఏబీఐ, నరాల స్పర్శ చూసే బయోథీసియోమీటర్ రెండూ ఉంటాయి. రెండూ చేయించండి. ధమనీ, నరమూ రెండూ చెడిపోయి ఉంటే నరం మొద్దుబారి ధమని నొప్పిని దాచేస్తుంది, అలాంటివారే నేరుగా పుండుతో వస్తారు. ఏబీఐ తక్కువని తేలితే రాజమండ్రిలోనో విజయవాడలోనో రక్తనాళాల ఆపరేషన్లు చేసే వాస్క్యులర్ సర్జన్‌కు చూపించండి.

ఆక్సిజన్ మీటరు సంగతి. అది చెప్పేది వేలిదాకా వచ్చిన రక్తంలో ఎంత ఆక్సిజన్ ఉందని. ఎంత రక్తం వస్తోందో చెప్పదు. శివారు బోదెలో దోసెడు నీళ్ళే ఉన్నా, అవి తియ్యగానే ఉండొచ్చు కదా. 97 చూసి నిశ్చింత పడవద్దని ఆయనకు చెప్పండి.

క్యాంపు క్లిప్పు గురించి న్యాయంగా మాట్లాడాలి. వేలి చివర వెలుగుతో నాడి అల ఆకారాన్ని పట్టుకోవడం శాస్త్రమే. నాడి అల మెడ నుంచి తొడదాకా ఎంత వేగంగా వెళుతోందో కొలిచే మంచి యంత్రాలు పెద్ద ఆస్పత్రుల్లో ఉన్నాయి. సెకనుకు 10 మీటర్లు దాటితే పెద్ద ధమని బిరుసెక్కినట్టు. కానీ దాంతో కుడికాలిలో అడ్డం ఎక్కడుందో తెలియదు. అక్కడ తేలినా మేం చెప్పేది బీపీ, సుగరు అదుపులో పెట్టుకోమని, సిగరెట్టు మానమనే. అది ఇప్పుడే చెబుతున్నాను, ఖర్చు లేకుండా. "వయసు 78" అన్న అంకె పక్కనే నూనె సీసా పెట్టి అమ్మారంటే ఆ అంకె దేనికోసం పుట్టిందో ఆలోచించండి. చేత్తో కడ్డీ పట్టుకుంటే కాలేయం నుంచి కంటిచూపు దాకా చెప్పే యంత్రాలయితే వేరే రకం, వాటికి ఏ ఆధారమూ లేదు.

అబ్బాయికి ఈ మాట వివరంగా చెప్పండి, ప్రేమతోనే అంటున్నాడు పాపం. ఏ ఇబ్బందీ లేని మనిషికి వెతికి చేసే పరీక్ష వేరు, నొప్పి ఉన్న మనిషికి కారణం తేల్చే పరీక్ష వేరు. ఇబ్బందులు లేనివారికి మెడ ధమనుల స్కాన్ చెయ్యవద్దని అమెరికాలో ముందస్తు పరీక్షల మీద సలహా ఇచ్చే నిపుణుల బృందమే 2021లో చెప్పింది. చిన్న ఇరుకు కనబడితే దాని వెంట పడి, అక్కర్లేని ఆపరేషన్ల దాకా వెళ్ళే ప్రమాదముంది. మూతి వంకర పోవడం, చెయ్యి పడిపోవడం, మాట తడబడటం కాసేపు వచ్చి పోయి ఉంటే మాత్రం అది వేరే కథ, మెడ స్కాన్ వెంటనే కావాలి. పొట్టలో పెద్ద ధమని ఉబ్బు చూసే స్కాన్‌ను ఎప్పుడైనా పొగతాగిన మగవారికి 65, 75 ఏళ్ళ మధ్య ఒకసారి చేయించమని అదే బృందం సలహా, మీవారికి ఇంకా నాలుగేళ్ళుంది. కాలి పరీక్ష మాత్రం వేసవి దాకా ఆగకూడదు. పైగా చూడ్డానికి వెళ్ళేవారు తీసుకునే ఇన్సూరెన్సుల్లో చాలావాటికి పాత జబ్బులు వర్తించవు. విమానం ఎక్కేలోపే ఇక్కడ తేల్చుకోండి.

యాంజియోగ్రామ్ భయానికి నా జవాబు ఇది. బెలూను వెయ్యాలనో, బైపాస్ చెయ్యాలనో అనుకున్నప్పుడే దాని అవసరం వస్తుంది. ఏబీఐ తక్కువగా ఉన్న చాలామందికి ముందు చేసేది మందులే. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్, రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్ లేదా క్లోపిడోగ్రెల్, వీటితో పాటు నడక. నొప్పి వచ్చేదాకా నడవాలి, ఆగాలి, తగ్గాక మళ్ళీ నడవాలి. అలా అరగంట నుంచి ముప్పావుగంట, వారానికి కనీసం మూడు రోజులు, మూడు నెలలు. నొప్పి వస్తోందని నడక మానేసేవాళ్ళే ఎక్కువ, దాంతో ఉన్న దూరమూ తగ్గిపోతుంది. సిగరెట్టు విషయంలో మాత్రం తగ్గించడం అనే మాటకు ఈ జబ్బులో విలువ లేదమ్మా, పూర్తిగా ఆపాల్సిందే. కాలి ధమని ఇరుకైతే గుండె ధమనుల్లోనూ అదే జబ్బు ఉండే అవకాశం బాగా ఎక్కువ కాబట్టి ఛాతీలో బరువు, ఆయాసం ఉన్నాయేమో ఆ డాక్టరుకు చెప్పండి, ఈసీజీ ఎలాగూ తీయిస్తారు.

పరీక్ష అయ్యేదాకా మూడు పనులు వద్దు. మెడికల్ షాపులో దొరికే బిగుతు మేజోళ్ళు వెయ్యవద్దు, ధమని ఇరుకైన కాలికి అవి ఉన్న రక్తాన్ని కూడా అడ్డుకుంటాయి. వేడినీళ్ళ కాపడం వద్దు, స్పర్శ తగ్గిన పాదం కాలినా తెలియదు. గట్టు మీద చెప్పుల్లేకుండా నడవనివ్వొద్దు. కాలు ఉన్నట్టుండి చల్లబడి, పాలిపోయి, కదపలేనంత నొప్పి వస్తే ఏ పరీక్ష కోసమూ ఆగకండి. వాస్క్యులర్ సర్జన్ ఉన్న ఆస్పత్రికి వెంటనే బయల్దేరండి, కాలు దక్కడానికి ఉండేది సుమారు ఆరు గంటలే.

ఒక సంగతి మీ ఉత్తరంలో లేదు. రాత్రిళ్ళు పాదం నొప్పితో లేచి, కాలు మంచం కిందికి వేలాడదీస్తే హాయిగా ఉందంటున్నారా? వేళ్ళ మధ్య మానని పుండుగానీ, నల్లటి మచ్చగానీ ఉందా? ఆయన చెప్పరేమో, మీరే బ్యాటరీ లైటు వేసి చూడండి. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా భీమవరంలో ఆగకుండా ఈ వారమే వాస్క్యులర్ సర్జన్ దగ్గరికి తీసుకెళ్ళండి. ఏబీఐ వాళ్ళే చేస్తారు.